వారంటీ పదేళ్లు, కేసుకు గడువు రెండేళ్లు

ప్రశ్న: మాది విజయవాడలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. మేం పై అంతస్తులో ఉంటాం. డాబా మీద సోలార్ పలకలు ముందే ఉన్నాయి. 2023 సెప్టెంబర్ 14న హైదరాబాద్ డీలర్ ఒకాయన చేత 5 కిలోవాట్ల హైబ్రిడ్ ఇన్వర్టర్, 51.2 వోల్టుల 200 ఏహెచ్ లిథియం బ్యాటరీ పెట్టించాను. రెంటికీ 3,40,000 రూపాయలైంది. 2 లక్షలు బ్యాంకు ద్వారా, మిగతాది నగదుగా ఇచ్చాను. జీఎస్‌టీ కలిసొస్తుందంటే బిల్లు వద్దన్నాను. పదేళ్లు లేదా 6,000 సైకిళ్ల (నింపి ఖాళీ చేసే విడతల) దాకా సామర్థ్యం 70 శాతం కంటే తగ్గదని వారంటీ కార్డు ఇచ్చారు. కరెంటు పోయినా మా ఇంట్లో ఫ్రిజ్ తిరుగుతుందని అపార్ట్‌మెంట్ అంతా గొప్పగా చెప్పుకున్నాను. నాలుగు నెలలకే బ్యాటరీ 40 శాతం చూపిస్తూ టక్కున ఆగిపోవడం మొదలైంది. 2024 జనవరి 22న డీలర్‌కు వాట్సాప్‌లో చెప్పాను. రెండుసార్లు మనిషిని పంపాడు, అప్‌డేట్ వస్తే సర్దుకుంటుందన్నాడు. మొన్న 2025 ఆగస్టులో ‘సెట్టింగులు తప్పుగా ఉన్నాయి, వేడి చోట పెట్టారు, వారంటీ వర్తించదు’ అని మెసేజ్ పెట్టాడు. నేను దాని మీద చెయ్యి కూడా వెయ్యలేదు. ఇరుగుపొరుగు నవ్వుతున్నారు. అది పేలుతుందని, రేకుల కప్పున్న మెట్ల గదిలోంచి తీసెయ్యమని అసోసియేషన్ కాగితం ఇచ్చింది. ఒక మెకానిక్ 15,000 ఇస్తే విప్పి, పోయిన సెల్ మారుస్తానంటున్నాడు. డీలర్ మీద 420 కేసు పెట్టాలనుంది. వారంటీ ఇంకా ఎనిమిదేళ్లుంది కాబట్టి తొందరేమీ లేదనుకుంటున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: తొందర ఉంది. మీ ఉత్తరంలో అన్నిటికంటే ప్రమాదమైన మాట ఆ చివరిదే.

వారంటీ పదేళ్లున్నా ఇరవయ్యేళ్లున్నా, వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 69 ప్రకారం వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. ఆ రోజు ఏది? డీలర్ కాదన్న 2025 ఆగస్టు అని మీ తరఫున వాదించవచ్చు. మీరు లోపం గుర్తించి మెసేజ్ పెట్టిన 2024 జనవరి 22 అని వాళ్ల లాయరు వాదిస్తాడు, మీ మెసేజే చూపిస్తాడు. వాళ్ల లెక్కే సరైనదనుకుని నడవండి. అంటే 2026 జనవరి 22తో తలుపు మూసుకోవచ్చు. ఈ మధ్యలో మీరిద్దరూ నడిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు గడువును పొడిగించవు. లీగల్ నోటీసు ఇచ్చినా గడియారం ఆగదు. ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేసుకునే వీలుంది గానీ, ‘రేపు చూస్తాం, మాపు చూస్తాం అన్నాడు’ అనే కారణాన్ని వినియోగదారుల కమిషన్ ఒప్పుకోవాలనేమీ లేదు. డిసెంబర్ దాటకుండా కాగితాలు లోపలికి వెళ్లిపోవాలి.

ఇక కేసు దేని మీద నిలుస్తుందంటే, బ్యాటరీ పాడైందా లేదా అన్నదాని మీద కాదు. దాన్ని ఎవరు బిగించారు, ఎవరు సెట్ చేశారు, ఆ చోటు ఎవరు చూపించారు అన్నదాని మీద. మిమ్మల్ని బాధపెట్టిన ఆ ఆగస్టు మెసేజే మీ చేతిలోని గట్టి సాక్ష్యం. సెట్టింగులు తప్పని, చోటు వేడిదని డీలరే రాసిచ్చాడు. ఇన్వర్టర్ బిగించి మొదటిసారి ఆన్ చేసింది ఆయన మనుషులే అయితే, ఆ తప్పు మీది కాదు, ఆయన సేవలో లోపం. మీరే మార్చారంటాడా, ఎప్పుడు మార్చారో, ఎలా మార్చారో రుజువు చేసే బరువు ఆయనదే.

ఆ సెట్టింగు ఏమిటో మీకూ తెలియాలి, లేకపోతే మీ లాయరుకు చెప్పలేరు. మీ బ్యాటరీలో 3.2 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ 16 వరసగా ఉంటాయి. ఇన్వర్టర్ మెనూలో బ్యాటరీ రకం అని ఒకటి ఉంటుంది: ఏజీఎమ్, ఫ్లడెడ్, యూజర్, లిథియం. బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు ఇంటర్నెట్ తీగలాంటి కమ్యూనికేషన్ కేబుల్ కలిపి, లిథియం ఎంచుకోవాలి. చాలామంది బిగించేవాళ్లు కేబుల్ కుదరక, ఫ్లడెడ్ మీద వదిలేసి పోతారు. అది యాసిడ్ బ్యాటరీ లెక్క. సాధారణంగా అందులో ఛార్జింగ్ 58.4 వోల్టుల దాకా వెళ్తుంది. 16తో భాగిస్తే సెల్‌కు 3.65. లిథియం సెల్‌కు అది ఆఖరి గీత. ఒక్క సెల్ కాస్త ముందుకెళ్లినా లోపలి రక్షణ బోర్డు మొత్తం ఛార్జింగ్‌నే కట్ చేస్తుంది. కిందివైపు కటాఫ్ 42 వోల్టులు ఉంటుంది, అంటే సెల్‌కు 2.6 దాకా రోజూ పిండేస్తుంది. నాలుగు నెలల్లో బలహీనమైన సెల్ బయటపడడంలో వింతేం లేదు.

అందుకే ఈ వారమే, ఎవరూ ముట్టుకోకముందే, ఇన్వర్టర్ తెరమీద బ్యాటరీ రకం, ఛార్జింగ్ వోల్టేజి, ఫ్లోట్, ఈక్వలైజేషన్, కటాఫ్, ఒక్కొక్క పేజీ తిప్పుతూ ఆగకుండా ఒకే వీడియో తీయండి. ఇన్వర్టర్ సీరియల్ నంబరుతో మొదలుపెట్టి, బ్యాటరీ సీరియల్ నంబరు, ఆ కేబుల్ ఉందో లేదో, ఉంటే ఏ రంధ్రంలో ఉందో చూపిస్తూ ముగించండి. తర్వాత ఇన్వర్టర్ యాప్‌లోంచి 2023 సెప్టెంబర్ నుంచి ఇప్పటిదాకా నెలనెలా డేటా ఫైళ్లు దించుకోండి. కొన్ని యాప్‌లు పాత వివరాలను ఎక్కువ కాలం ఉంచవు. డీలర్‌కు యాప్‌లో ఇన్‌స్టాలర్ హోదా ఉంటే హైదరాబాద్‌లో కూర్చునే మీ సెట్టింగులు మార్చగలడు. అన్నీ దించుకున్నాక, వీడియో తీశాక, ఆ అనుమతి తీసెయ్యండి. ఈ క్రమం తారుమారు కాకూడదు.

వీటిని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయించండి. అందులో ఒక భాగం మీది, రెండోది నిపుణుడిది, ఫైలు హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే గుర్తుతో) సహా. కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా పట్టుకోకపోవచ్చు. కానీ అవతలి లాయరుకు అభ్యంతరం చెప్పే సందు ఎందుకివ్వాలి?

మీరు పంపిన ఇరవై మూడు స్క్రీన్‌షాట్లూ, ‘40 శాతం చూపిస్తూ ఆగింది’ అనేవి, పెద్దగా పనికిరావు. కేబుల్ లేకపోతే ఇన్వర్టర్ వోల్టేజి చూసి శాతాన్ని ఊహిస్తుంది. ఈ రకం సెల్‌కు 20 శాతం దగ్గరా 80 శాతం దగ్గరా వోల్టేజి ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఆ 40 అనేది బ్యాటరీ చెప్పిన మాట కాదు. కమిషన్ ముందు నిలబడేది యూనిట్లలో కొలిచిన సామర్థ్యం ఒక్కటే.

లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి కొలిపించండి. సాయంత్రానికి బ్యాటరీని పూర్తిగా నింపాలి. చీకటి పడ్డాక సోలార్ ఐసొలేటర్ (పలకల కరెంటు ఆపే స్విచ్), బోర్డు కరెంటు ఎమ్‌సీబీ రెండూ దించేయాలి. ఇన్వర్టర్ అవుట్‌పుట్‌కు ఒక సబ్ మీటర్, దానికి 1,000 వాట్ల ఇమ్మర్షన్ రాడ్డు. బకెట్టులో పెడితే ఒకటి రెండు గంటల్లో మరిగిపోతుంది, 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము నీళ్లు కావాలి. ఆ నీళ్లలో ఎవరూ చెయ్యి పెట్టకుండా మనిషి కాపలా ఉండాలి. రాడ్డు వెలిగించినప్పుడు మీటర్ రీడింగు, బ్యాటరీ తనంతట తాను ఆగినప్పుడు రీడింగు, పక్కన గడియారంతో ఫొటోలు. మీ బ్యాటరీ 10.24 యూనిట్లది. 90 శాతం వాడకం, ఇన్వర్టర్ నష్టం తీసేస్తే మీటర్ మీద 8 నుంచి 8.5 యూనిట్లు రావాలి. వారంటీ హామీ ఇచ్చిన 70 శాతం అంటే, అదే లెక్కన, దాదాపు 5.6 నుంచి 6. మీకు 4 వచ్చిందా, కేసుంది. 8 వచ్చిందా, బ్యాటరీ బాగానే ఉంది, శాతం చూపించే లెక్కే తప్పు. అప్పుడు అడగాల్సింది సెట్టింగు సరిచేయమని మాత్రమే, 3,40,000 వెనక్కివ్వమని కాదు. ముందు ఇది తేల్చుకోకుండా కోర్టు మెట్లెక్కకండి. ఎలక్ట్రీషియన్ చేత రిపోర్టు మీద సంతకం, లైసెన్స్ నంబరు వేయించుకోండి. తర్వాత ఆయన అఫిడవిట్ కావాల్సి వస్తుంది.

ఇప్పుడు ఆ 15,000 మెకానిక్ సంగతి. గుమ్మం తొక్కనివ్వకండి. సీలు ఊడిన క్షణంలో వారంటీ పోతుంది, అంతకంటే ముఖ్యంగా కేసు పోతుంది. వినియోగదారుల చట్టంలోని సెక్షన్ 38 ప్రకారం వస్తువులో లోపం తేలాలంటే కమిషన్ దాన్ని గుర్తింపు పొందిన ల్యాబుకు పంపుతుంది. విప్పి సెల్ మార్చిన బ్యాటరీలో ఏ లోపం ఎవరిదో ఏ ల్యాబు చెబుతుంది? పైగా కొత్త సెల్, పాత సెల్స్ సామర్థ్యం కలవదు, కొన్ని వారాల్లో మళ్లీ అదే తంతు. 50 వోల్టుల పైన, వందల ఆంపియర్లు ఇవ్వగల పెట్టెలో స్పానర్ జారితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

బిల్లు దగ్గరికి వద్దాం. జీఎస్‌టీ మిగుల్చుకోవడానికి మూడు లక్షల పైచిలుకు వస్తువును కచ్చా చీటీ మీద కొన్నారు. ఇప్పుడు నగదుగా ఇచ్చిన 1,40,000కు ఋజువు ఏదంటే ఏం చూపిస్తారు? కేసు గెలిచినా ఆ సొమ్ము చేతికొస్తుందన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. అయినా దారి మూసుకుపోలేదు. డబ్బిచ్చి కొన్నవాడు వినియోగదారుడే, బిల్లు లేనంత మాత్రాన కాకుండా పోడు. బిల్లు ఇవ్వకపోవడాన్ని ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కగట్టింది కూడా. కాకపోతే మీరే వద్దన్న మెసేజ్ ఏదైనా ఉంటే ఆ పాయింటు జోలికి వెళ్లకపోవడం మేలు. మొత్తం ధర రాసి పంపిన కొటేషన్, 2 లక్షల బ్యాంకు స్టేట్‌మెంట్, సీరియల్ నంబరున్న వారంటీ కార్డు, ‘మిగతాది అందింది’ లాంటి మెసేజ్ ఒక్కటి ఉన్నా వెతికి తీయండి. లేకపోతే ఇప్పుడే డీలర్‌కు మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి: ఫలానా తేదీన మొత్తం 3,40,000 చెల్లించాను, ట్యాక్స్ ఇన్‌వాయిస్ పంపండి అని. కాదనకుండా మరోదానికి జవాబిచ్చినా అది మీకు ఉపయోగపడుతుంది.

420 ఆలోచన మానుకోండి. 2023 నాటి లావాదేవీ కాబట్టి పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది. అందులో మోసం అంటే అమ్మిన రోజే దగా చేయాలన్న ఉద్దేశం ఉన్నట్టు చూపాలి. రెండుసార్లు మనిషిని పంపినవాడి మీద అది నిలవదు. స్టేషన్లో సివిల్ వ్యవహారం అంటారు. తిరిగేది మీరే, ఆ తిరుగుడులో జనవరి దాటిపోతుంది.

అసోసియేషన్ విషయంలో మాత్రం తప్పు మీ వైపే ఉంది. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం మెట్లు, డాబా అందరి ఉమ్మడి ఆస్తి. పలకలకు తీర్మానం చేసి ఇచ్చినా అది బ్యాటరీకి వర్తించదు. వాళ్లు భయపడుతున్నారని నవ్వుకోకండి. 2022 ఏప్రిల్‌లో మీ ఊళ్లోనే ఒక ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి మనిషి చనిపోయాడు. ఐరన్ ఫాస్ఫేట్ రకం వేడికి త్వరగా అదుపు తప్పదన్నది నిజమే. కానీ అగ్ని ప్రమాదమైతే కిందికి దిగాల్సిన మెట్ల దారిలో దాన్ని పెట్టడాన్ని ఏ వాదనా సమర్థించదు. పైగా రేకుల కప్పు కింద మే నెల బెజవాడ ఎండ. తయారీదారు మాన్యువల్‌లో ఛార్జింగ్‌కు అనుమతించిన గరిష్ఠ ఉష్ణోగ్రత ఎంతో చూడండి, మధ్యాహ్నం రెండింటికి ఆ గదిలో థర్మామీటర్ పెట్టి ఫొటో తీయండి. చోటు ఎంచింది డీలర్ మనిషే అయితే ఈ ఫొటో ఆయనకు వ్యతిరేకంగానే పనిచేస్తుంది. తీయడానికి ఒప్పుకుంటున్నానని, 30 రోజుల గడువు కావాలని అసోసియేషన్‌కు రాసివ్వండి. అదే కాగితం జతచేసి, మీ మనుషులనే పంపి మార్చండని డీలర్‌కు నోటీసు ఇవ్వండి. రాకపోతే ఇద్దరు సాక్షుల ముందు, వీడియోలో, సీలు కదలకుండా దించించండి. దాదాపు 100 కిలోల బరువు, నలుగురు పట్టాలి.

నోటీసుకు 15 రోజులు చాలు. డీలర్‌ను, బ్యాటరీ తయారీదారును, విదేశీ సరుకైతే దిగుమతిదారును కలిపి ప్రతివాదులుగా చేర్చండి. ఒకరి మీద వేస్తే ఇంకొకరి మీదికి తోస్తారు. హైదరాబాద్ పరుగెత్తక్కర్లేదు. వినియోగదారుల చట్టంలోని సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే, విజయవాడలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. చెల్లించిన విలువ 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ల్యాబు పరీక్షకయ్యే ఖర్చు మాత్రం ముందు మీరే కట్టాలి. ఫిర్యాదు చివర ఏం కావాలో కోరే ప్రార్థనలో మొదట బ్యాటరీ మార్పిడి, కాకుంటే ధర వాపసు అని వరసగా అడగండి. మనోవేదనకు పది లక్షలు అని రాయకండి. ప్రతివాదులు నోటీసు అందిన 30 రోజుల్లో, మహా అయితే మరో 15 రోజుల్లో జవాబు వేయాలి. దాటితే ఆ హక్కు పోతుంది. ఆ తేదీలు మీరే రాసిపెట్టుకోండి.

ఈలోగా బ్యాటరీని సగం ఛార్జిలో ఉంచి బ్రేకర్ దించేయండి. పూర్తిగా ఖాళీ చేసి వదిలితే రక్షణ బోర్డు తాగే కొద్దిపాటి కరెంటుకే సెల్స్ చచ్చిపోతాయి, నిర్లక్ష్యం మీదేనంటారు. రెండు నెలలకోసారి వోల్టేజి చూసి, తేదీతో ఫొటో తీసి పెట్టుకోండి.