107 అంటే ఎన్ని సీసీ?

హార్లే-డేవిడ్‌సన్ బైక్ ఇంజిన్ మీద 107 అనో 114 అనో రాసి ఉంటుంది, మనకేమో యాక్టివా దగ్గర్నుంచి బుల్లెట్ దాకా అన్నీ సీసీల్లోనే అలవాటు, మరి ఇది ఎంత బండి అని అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది అడుగుతుంటారు. పెద్దదేనండీ. మన బుల్లెట్ 350లు ఐదు కలిపితే ఎంతో అంత.

ఆ 107 క్యూబిక్ అంగుళాలు. ఒక క్యూబిక్ అంగుళానికి 16.387 సీసీ, గుణిస్తే 1,753 వస్తుంది. కానీ కంపెనీ లెక్కలో 1,746 అని ఉంటుంది, మోసమేమీ లేదు: సిలిండర్ బోర్ (లోపలి వెడల్పు) 3.937 అంగుళాలు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 4.375, అలాంటి సిలిండర్లు రెండు, లెక్కేస్తే వచ్చేది 106.5, పేరు కోసం 107 చేశారు. 117 ఇంజిన్‌కి ఇదే తిరగబడింది, అసలు 117.4 కాబట్టి 1,923 సీసీ. అందుకే ఇన్సూరెన్స్ కోట్‌కి బండి మీద అంకెను గుణించి చెప్పకండి, స్పెసిఫికేషన్ కాగితంలో ఉన్న సీసీ చెప్పండి.

అలాగని హార్లే అంటే అన్నీ అంగుళాలే అనుకోకండి, పాత స్పోర్ట్‌స్టర్ 883, 1200 రెండూ సీసీలే. జపాన్ బళ్లతో, మన ఎన్‌ఫీల్డ్‌తో ఈ గొడవే లేదు. ఇంటర్‌సెప్టర్ 650ని ఇక్కడ ఐఎన్‌టీ650 అని అమ్ముతారు, ఇంటర్‌సెప్టర్ అనే పేరు అమెరికాలో హోండాది కాబట్టి, అంతేగానీ ఇంజిన్ అదే 648 సీసీ.

చట్టం మాత్రం సీసీల్లోనే మాట్లాడుతుంది. కాలిఫోర్నియాలో 150 సీసీకి లోపు ఉంటే అది మోటార్-డ్రివెన్ సైకిల్, ఎం1 అనే మోటార్‌సైకిల్ లైసెన్స్ ఎలాగూ కావాలి, పైగా ర్యాంప్ దగ్గర బోర్డు ఉంటే ఫ్రీవే ఎక్కకూడదు. ఊళ్లో 125 మీద హైవేలో వందల కిలోమీటర్లు తిరిగాం కదా అని ఆఫీసుకి 125 స్కూటర్ కొన్నారనుకోండి, రోజూ సందుల్లోంచి చుట్టూ తిరిగి పోవాల్సిందే. 155 సీసీ అయితే చట్టం ఒప్పుకుంటుంది గానీ గంటకి 65 మైళ్ల దగ్గర ఇంజిన్ ఏడుస్తుంది, వెనక ట్రక్కు మీద పడుతున్నట్టే ఉంటుంది, నా మాట విని 300కి తగ్గకండి.

ఇక పానాలు. సూట్‌కేసులో తెచ్చుకున్న మన మిల్లీమీటర్ల సెట్ హోండాకీ యమహాకీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, పెద్ద హార్లేలకి చాలావరకు అంగుళాల బోల్టులు. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు, 13 పానా పట్టినట్టే ఉంటుంది, గట్టిగా బిగిసిన బోల్టు మీద బలం పెట్టగానే జారి మూలలు అరిగిపోతాయి. టార్క్ రెంచ్ (బోల్టుని ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) కొనేటప్పుడు ఇంకాస్త జాగ్రత్త, ఇక్కడివి ఎక్కువగా ఫుట్-పౌండ్లలో ఉంటాయి. మాన్యువల్లో 20 న్యూటన్ మీటర్లు అని ఉంటే అది దాదాపు 15 ఫుట్-పౌండ్లు. అంకె చూసి 20 మీద పెట్టి ఆయిల్ డ్రెయిన్ బోల్టు తిప్పితే 27 న్యూటన్ మీటర్లు పడుతుంది, అల్యూమినియం మర పోతే ఖర్చు మీదే. రెండు కొలతలూ ఉన్న రెంచ్ దొరుకుతుంది, అదే కొనండి.