సమాధానం: పదమూడేళ్ల అమ్మాయికి కొత్త సిండ్రెల్లా కథలు

మీ అమ్మాయి పాత అద్భుత కథల కొత్త రూపాలు కావాలంటోందని, పెద్దల సన్నివేశాలుంటాయేమోనని మీకు టెన్షన్‌గా ఉందని రాశారు. మరిస్సా మేయర్ 'సిండర్' (2012) నిశ్చింతగా ఇవ్వండి. ఇందులో సిండ్రెల్లా సగం మనిషి, సగం యంత్రం. న్యూ బీజింగ్ సంతలో రిపేర్ల కొట్టు నడుపుతుంటుంది. తనకు ఎప్పుడో చిన్నదైపోయిన ఇనుప పాదాన్ని మొదటి పేజీలోనే స్క్రూ తిప్పి ఊడదీస్తుంది. పాదం లేకుండా బల్ల వెనక కూర్చుని ఉండగా, పాడైన రోబోని పట్టుకుని యువరాజు వస్తాడు! అక్కణ్ణుంచి పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. ఒక్క విషయం, కథలో మహమ్మారి ఉంది, చావులున్నాయి. చదివాక తనతో కాసేపు మాట్లాడండి. నచ్చితే తర్వాతి భాగాలు 'స్కార్లెట్', 'క్రెస్', 'వింటర్' ఎలాగూ ఉన్నాయి.

ఇంకా తేలిగ్గా కావాలంటే గెయిల్ కార్సన్ లెవిన్ 'ఎల్లా ఎన్‌చాంటెడ్' (1997). ఎవరు ఏం ఆజ్ఞాపించినా చేసి తీరాల్సిన శాపం ఆ పిల్లది. సిండ్రెల్లా అంత అణకువగా ఎందుకుందో ఇంతకంటే చక్కగా చెప్పిన పుస్తకం నాకు తెలియదు.

మీరు అడిగిన సారా జె. మాస్ నవల 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్' మాత్రం ఇప్పుడే వద్దండి. 2015లో టీనేజ్ నవలగానే వచ్చింది కానీ, అందులో శృంగారం పెద్దల స్థాయిలోనే ఉంటుంది. ఆ తర్వాత దాన్ని పెద్దల పుస్తకంగానే అమ్ముతున్నారు. దాన్ని టీనేజ్ పుస్తకంగా చూపించే పాత జాబితాలు చూసి కొనకండి.