పెద్దలకు చదువు చెప్పడానికి పీజీ ఎందుకు?

ప్రశ్న: మేం చెన్నై అంబత్తూరులో ఉంటాం. మా అమ్మాయి బీఏ సోషియాలజీ అయ్యాక వయోజన విద్యలో పీజీ చేస్తానంటోంది. 'ముసలివాళ్లకు అఆలు నేర్పడానికి పీజీనా?' అంటున్నారు చుట్టాలు. అంతకంటే కార్పొరేట్ ట్రైనింగ్ కోర్సు నయం కదా? రెండూ పోల్చి చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో చుట్టాల మాట ఉంది, మీ మాట ఉంది, అమ్మాయి మాట ఒక్కటీ లేదు. ఆ చదువు ఎందుకు కావాలో తనని అడిగారా? రేపు పెళ్లిలో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలన్న బెంగతో పిల్ల చదువు తేల్చకూడదు.

ఇది అఆల దగ్గర ఆగే చదువు కాదు. 1978లో జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైనప్పుడే అక్షరాలతో పాటు పనిలో నేర్పు, తమ పరిస్థితిపై అవగాహన కూడా లక్ష్యాలు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాత్రిబడి పాఠంలో తాగుడుతో తమ ఇళ్లు పడుతున్న బాధలే చూసుకున్నారు, ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. అది పెద్ద ఉద్యమమై 1993లో సారా నిషేధం దాకా వెళ్లింది. పగలంతా పనిచేసి అలసి, చదువు రాదని సిగ్గుపడే మనిషి ముందు కూర్చుని, ఆ మనిషికి ఏది అవసరమో కలిసి తేల్చుకోవడమే ఈ విద్య. శ్రీకాకుళం నుంచి చెన్నైకి కూలికి వచ్చినవాళ్లకు తమిళ బోర్డు చదవడం, కూలి లెక్క సరిచూసుకోవడం నేర్పాలన్నా ఇదే కావాలి.

కార్పొరేట్ ట్రైనింగ్ మీద నాకు అనుమానాలున్నాయి. వేలకు వేలు కట్టించుకుని స్లైడ్లు చేయడం నేర్పే కోర్సులు చాలా చూశాను. ఆ స్లైడ్లు ఇప్పుడు ఏఐ నిమిషాల్లో చేస్తోంది. కంపెనీకి గడ్డురోజులు వస్తే ముందు కోత పడేది శిక్షణ ఖర్చుకే. పైగా అక్కడ ఏం నేర్పాలో కంపెనీయే చెబుతుంది. పెద్దవాళ్లు ఎలా నేర్చుకుంటారో తెలిసిన మనిషి ఆ పనిలోకి తర్వాతైనా వెళ్లొచ్చు.

ఉద్యోగాల సంగతి దాచను. కేంద్రం నడిపే వయోజన విద్యా పథకం ఉల్లాస్‌లో చదువు చెప్పేది వాలంటీర్లే, జీతాలుండవు. లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో ఈ సబ్జెక్టు ఉన్నా లెక్చరర్ పోస్టులు తక్కువ. స్వచ్ఛంద సంస్థలు, చదువు లేనివాళ్లకు వృత్తి పనులు నేర్పే జన శిక్షణ్ సంస్థాన్‌లు, పొదుపు సంఘాల శిక్షణ, ఆరోగ్య ప్రచారం వైపు దారులున్నాయి. మొదటి జీతం చిన్నదే. అయినా భయపడకండి, ఈ పని తెలిసినవాళ్లు ఖాళీగా ఉండిపోవడం నేను చూడలేదు.

ఫీజు కట్టేముందు అమ్మాయిని కొన్నాళ్లు ఒక సాయంత్రం బడిలో వాలంటీరుగా పంపండి. పాత బ్యాచ్‌లవాళ్లు ఎక్కడ పనిచేస్తున్నారో డిపార్ట్‌మెంటులో తననే అడగమనండి. చుట్టాలకు జవాబు కూడా తననే చెప్పనివ్వండి.