మీరా నక్షత్రం రెండేళ్ల తర్వాత అదే నెలలో ఎందుకు కనిపించలేదు?

రెండేళ్ల కిందట డిసెంబరులో మామూలు కంటికి చక్కగా కనిపించిన మీరా, ఈ డిసెంబరులో అదే మేడ మీద నుంచి ఎంత వెతికినా కనిపించలేదని, ఆ నక్షత్రం ఆరిపోతోందా, అంత పెద్ద నక్షత్రం కంటికి కనిపించకుండా ఎలా పోతుంది అని మీరు అడిగారు. కొన్నేళ్లుగా బైనాక్యులర్స్‌తో ఈ నక్షత్రాన్ని గమనిస్తూ వస్తున్న అనుభవంతో చెబుతున్నాను: అది ఆరిపోవడం లేదు, మీ చూపులోనూ లోపం లేదు.

మీరా ఒకసారి బాగా వెలిగి, మసకబారి, మళ్లీ వెలగడానికి సగటున 332 రోజులు పడుతుంది. మన క్యాలెండరు సంవత్సరం కంటే ఇది 33 రోజులు తక్కువ కాబట్టి, అది బాగా వెలిగే సమయం ఏటా సుమారు నెల రోజులు ముందుగానే వస్తుంది. రెండేళ్ల కిందట మీరు చూసింది దాని ఉచ్చదశలో, అంటే అది అన్నిటికంటే ఎక్కువగా వెలిగే రోజుల్లో అనుకుంటే, ఈసారి ఆ దశ అక్టోబరులోనే దాటిపోయి ఉంటుంది. మీరు మేడ ఎక్కేనాటికి అది పట్టణపు వెలుగుల్లో కంటికి అందనంతగా తగ్గిపోయి ఉంటుంది. పైగా వెలుగు పెరగడానికి నాలుగు నెలలు పడితే, తగ్గడానికి ఏడు నెలలు పడుతుంది.

మన ప్రాంతంలో దీనికి మరో చిక్కు తోడవుతుంది. ఏప్రిల్ చివర సూర్యుడు ఇంచుమించు మీరా ఉన్న దిక్కుకే వస్తాడు. అందువల్ల మార్చి మధ్య నుంచి జూన్ మొదటి వారం వరకు దాన్ని చూడడం సాధ్యం కాదు, ఆ తర్వాత తెల్లవారుజామున తూర్పున కనిపించే రోజులకు నైరుతి మబ్బులు కమ్ముకుంటాయి. ఉచ్చదశ పదకొండేళ్లకు ఒకసారి క్యాలెండరు మొత్తం చుట్టి వస్తుంది కనుక, అందులో సగం కాలం మనకు దక్కదనే చెప్పాలి.

ఇక అంత పెద్ద నక్షత్రం కంటికి కనిపించకుండా పోవడం ఎలా సాధ్యమన్న మీ ప్రశ్నకు వస్తాను. నక్షత్రాల వెలుగును కొలిచే అంకెను ప్రకాశ పరిమాణం అంటారు; ఆ అంకె పెరిగే కొద్దీ నక్షత్రం మసకగా ఉన్నట్లు. మామూలు ఉచ్చదశలో మూడవ ప్రకాశ పరిమాణానికి అటూఇటూగా ఉండే మీరా, నీచదశలో, అంటే బాగా మసకబారినప్పుడు, తొమ్మిదికి పడిపోతుంది. అంటే మన కంటికి చేరే వెలుగులో దాదాపు 250 రెట్ల తేడా. అయితే ఆ నక్షత్రం వెదజల్లే మొత్తం శక్తిలో తేడా రెండు మూడు రెట్ల లోపే ఉంటుంది. ఇది అరుణ బృహత్తార, అంటే రెడ్ జెయింట్. ఇంచుమించు సూర్యుడంత ద్రవ్యరాశే ఉన్నా, వ్యాసంలో సూర్యుడికి కొన్ని వందల రెట్లు ఉబ్బిన ముసలి నక్షత్రం. దాని పై పొరలు ఒక లయలో ఉబ్బుతూ, కుంచించుకుంటూ ఉంటాయి. ఉబ్బి చల్లబడినప్పుడు ఆ వాతావరణంలో టైటానియం ఆక్సైడ్ అణువులు పెరిగి, మన కంటికి కనిపించే కాంతిని తెరలా అడ్డగిస్తాయి, శక్తిలో ఎక్కువ భాగం పరారుణ కాంతిగా బయటికి పోతుంది. పరారుణాన్ని చూడగల కన్నే మనకు ఉండి ఉంటే, మీరు ఈ ప్రశ్న అడగవలసిన అవసరమే వచ్చేది కాదు.

1596 ఆగస్టులో ఖగోళ పరిశీలకుడు డేవిడ్ ఫబ్రీషియస్ దీన్ని మొదట గుర్తించినప్పుడు, కొన్ని వారాలకే అది మాయం కావడంతో ఆయన దాన్ని కొత్తగా పుట్టి పోయిన తారగానే భావించాడు. 1609లో మళ్లీ కనిపించింది. పదకొండు నెలల లయను 1638లో హోల్వార్డా అనే ఖగోళ శాస్త్రవేత్త పట్టుకున్నాడు. అన్ని ఉచ్చదశలూ ఒకేలా ఉండవని కూడా గుర్తుంచుకోవాలి: 1779లో అది మన రోహిణి నక్షత్రంతో పోటీపడేంతగా వెలిగింది. మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో కాంతి మారుతోందని కనిపెట్టిన ఆర్ రెటిక్యులై అనే నక్షత్రం కూడా మీరా జాతిదే అన్నది మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి.

దాన్ని వెతికే పద్ధతి చెబుతాను. రోహిణి నుంచి, మీరా ఉన్న సీటస్ (తిమింగలం) నక్షత్రమండలంలోని మెంకార్ అనే నక్షత్రానికి ఒక గీత ఊహించుకొని, అదే దిశలో ఆ దూరంలో సగం ముందుకు వెళ్తే మీరా ఉన్న చోటికి చేరుతారు. దారిలో అదే మండలంలోని గామా సెటై, డెల్టా సెటై అనే నక్షత్రాలు తగులుతాయి. మెంకార్ ప్రకాశ పరిమాణం 2.5, గామా 3.5, డెల్టా 4.1; మీరా వీటిలో దేనికంటే ఎక్కువ, దేనికంటే తక్కువ అన్నదాన్ని బట్టి దాని వెలుగును అంచనా కట్టవచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: ఎర్రటి నక్షత్రాన్ని అదేపనిగా చూస్తూ ఉంటే కంటికి అది క్రమంగా ప్రకాశవంతమవుతున్నట్లు తోస్తుంది. అందువల్ల నేను మీరా మీద, పోల్చే నక్షత్రం మీద మార్చి మార్చి క్షణకాలం చూపు నిలిపి, వెంటనే రాసుకుంటాను. బైనాక్యులర్స్ ఫోకస్ కొద్దిగా చెడగొట్టి రెండింటినీ చిన్న వృత్తాలుగా చేసుకొని పోల్చినా ఫలితం బాగుంటుంది. నీచదశలో చూడాలంటే చిన్న టెలిస్కోపు కావాలి. అప్పుడు పక్కనే దాదాపు అంతే వెలుగున్న మరో చుక్క తికమక పెడుతుంది. రెండింటిలో ఎర్రగా ఉన్నదే మీరా.

అది ముసలి నక్షత్రం అన్న మాట మాత్రం నిజం. తన పదార్థాన్ని నిరంతరం అంతరిక్షంలోకి వదులుతోంది. ఆ పదార్థం వెనుక 13 కాంతి సంవత్సరాల పొడవున తోకలా సాగి ఉందని గెలెక్స్ ఉపగ్రహం అతినీలలోహిత కాంతిలో తీసిన చిత్రాలు 2007లో చూపించాయి. సూర్యుడి అంత్యదశ కూడా ఇలాంటిదే అంటారు కానీ, దానికి వందల కోట్ల ఏళ్ల గడువుంది.

ఈ డిసెంబరులో మీకు కనిపించలేదన్న సంగతిని వదిలేయకండి. ఆ రాత్రి ఆ చోట మీకు కనిపించిన అతి మసక నక్షత్రం ప్రకాశ పరిమాణం ఎంతో పటంలో చూసి, తేదీ, సమయంతో పాటు "మీరా దీనికంటే మసక" అని రాసుకోండి. 1911 నుంచి ఇలాంటి పరిశీలనలను పోగుచేస్తున్న అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వేరియబుల్ స్టార్ అబ్జర్వర్స్ అటువంటి నమోదును కూడా స్వీకరిస్తుంది.