ఆ టికెట్‌ని సొరుగులో పడేయకు

ప్రశ్న: అక్కయ్య గారూ, నేను చదువుకోవడానికి టెక్సాస్ వచ్చి ఏడాదైంది. పోయిన వారం హైవే మీద పోలీసు ఆపి స్పీడింగ్ టికెట్ (జరిమానా కాగితం) ఇచ్చాడు. పోలీసులు కార్లు ఆపే వీడియోల్లో చూసినవన్నీ కళ్ళ ముందు తిరిగి చేతులు వణికాయి. ఇక్కడి పోలీసులతో ఎలా మసలుకోవాలి? త్వరలో అమ్మానాన్నలు కూడా వస్తున్నారు.

జవాబు: తమ్ముడూ, వణికితే వణికాయిలే, చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయిగా? అంటే నువ్వు నాకంటే తెలివైనవాడివే. నేను వచ్చినప్పుడు ఇవన్నీ చూపించే వీడియోలు లేవు, చెప్పేవాళ్ళూ లేరు.

2003లో ఒహాయోలో ఒక రాత్రి స్టాప్ సైన్ దగ్గర కారు పూర్తిగా ఆపకుండా మెల్లగా పోనిచ్చాను. నాలుగు వైపులా పురుగు కూడా లేదు కదా అనుకున్నాను. ఎక్కడ నక్కి ఉన్నాడో, వెనకాల నీలం ఎరుపు లైట్లు. కారు పక్కకి ఆపి, పర్సు చంకన పెట్టుకుని, దిగి, నవ్వుతూ ఆయన కారు వైపు నడిచాను. పెద్దమనిషిని మన దగ్గరికి నడిపించడం ఏం మర్యాద అని నా ఉద్దేశం. ఆయన చెయ్యి నడుం దగ్గరి తుపాకీ మీదికి పోయింది. కారెక్కమని ఒక్క అరుపు అరిచాడు. ఆ అరుపుకి పర్సు కింద పడింది. తీద్దామని వంగాను. ఇంకో అరుపు!

ఇక్కడ ఎవరి కారులోనైనా తుపాకీ ఉండొచ్చు, ఆపినవాడు ఉందనే అనుకుంటాడు. నీ భయం నీది, ఆయన భయం ఆయనది. కిటికీ దించు, లోపలి లైటు వెయ్యి, కాగితాలు తీసే ముందు ఎక్కడున్నాయో చెప్పి అప్పుడు తియ్యి. నీ అంతట నువ్వు దిగకు. ఆయన దిగమంటే మాత్రం దిగాల్సిందే, 1977లోనే సుప్రీంకోర్టు ఆ అధికారం ఇచ్చేసింది. వీడియోల్లో చూసినవి అబద్ధాలేం కావు, కానీ తప్పెవరిదో రోడ్డు పక్కన తేలదు.

అసలు దెబ్బ నాకు ఆ తర్వాత తగిలింది. టికెట్ 110 డాలర్లు. అప్పట్లో నాకది రెండు వారాల కిరాణా. తర్వాత చూద్దాంలే అని సొరుగులో పడేశాను, ఇల్లు మారాను. కోర్టు ఉత్తరాలు పాత అడ్రసుకి పోయాయి. తేదీ దాటిపోయి లైసెన్స్ సస్పెండ్ అయిందన్న సంగతి నాలుగు నెలల తర్వాత ఇంకో ఊళ్ళో ఆపినప్పుడు గానీ తెలియలేదు. కారు టోయింగ్ వాడు లాక్కెళ్ళాడు. టో చార్జీలు, వాడి యార్డులో రోజువారీ అద్దె, కోర్టు ఖర్చులు, లైసెన్స్ తిరిగి తెచ్చుకునే ఫీజు, మూడేళ్ళ పాటు పెరిగిన ఇన్సూరెన్స్, అన్నీ కలిపి 1,900 డాలర్లు దాటింది. ఆ లెక్క రాసుకున్న కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. మా ఆయన నవ్వుతారు. నవ్వనీ, ఇల్లు కొన్నది ఆ లెక్కలు రాసిన చేత్తోనే.

చాలా ఏళ్ళు అది నా ఒక్కదాని అజాగ్రత్తే అనుకున్నాను. 2014లో మిస్సోరీ రాష్ట్రం ఫెర్గూసన్‌లో ఆయుధం లేని 18 ఏళ్ళ నల్లజాతి కుర్రాడిని పోలీసు కాల్చి చంపాక ఫెడరల్ న్యాయశాఖ ఆ ఊరి వ్యవహారమంతా తవ్వింది. 2015 మార్చిలో ఇచ్చిన నివేదిక చదివి చూడు. పోలీసులకి జనం భద్రత కన్నా జరిమానాల ఆదాయమే ముఖ్యమైపోయిందట. దాదాపు 21 వేల మంది ఉండే ఊళ్ళో 2013 ఒక్క ఏడాదిలోనే కోర్టు 9 వేలకు పైగా వారెంట్లు ఇచ్చింది, చాలావరకు పార్కింగ్, ట్రాఫిక్ లాంటి చిన్నవాటికే. కట్టలేనివాడికి జరిమానా మీద జరిమానా. నా సొరుగు కథే, కాకపోతే నాకు జీతం వచ్చే దారి ఉంది.

డబ్బు గురించే ఇంకోటి. సెకండ్ హ్యాండ్ కారు కొందామని 3,800 డాలర్ల నగదు కవర్లో పెట్టుకుని పక్క రాష్ట్రం వెళ్తుంటే ఆపారు. ఆఫీసరు చాలా మర్యాదగా "డూ యూ మైండ్ ఇఫ్ ఐ టేక్ ఎ లుక్?" అన్నాడు. వద్దు అనే అర్థంలో నేను "నో, నో" అన్నాను. అంటే నాకేం అభ్యంతరం లేదు, చూసుకోండి అన్నట్టయింది! కవరు బయటపడింది. నలభై నిమిషాలు రోడ్డు పక్కన నిలబెట్టి ఎక్కడిదీ డబ్బు అని ప్రశ్నలు. బ్యాంకు స్లిప్పు ఉండబట్టి బయటపడ్డాను. నేరం రుజువు కాకపోయినా, అనుమానం మీద డబ్బు మీదే కేసు పెట్టి పట్టుకుపోయే చట్టాలు ఇక్కడ ఉన్నాయని, సివిల్ ఫర్ఫీచర్ అంటారని తర్వాత తెలిసింది. ఇండియానాలో గరిష్ఠ జరిమానా 10 వేల డాలర్లున్న కేసులో 42 వేల డాలర్ల బండి లాక్కుంటే, 2019లో సుప్రీంకోర్టు రాజ్యాంగంలోని మితిమీరిన జరిమానాల నిషేధం రాష్ట్రాలకీ వర్తిస్తుందని చెప్పాల్సొచ్చింది. నువ్వు నగదు తీసుకెళ్ళకు, బ్యాంకు తనే హామీతో రాసిచ్చే క్యాషియర్స్ చెక్ తీసుకో. వెతుకుతామంటే "ఐ డోంట్ కన్సెంట్" అని మెల్లగా అను. అయినా వెతికితే అడ్డుపడకు.

అమ్మానాన్నల సంగతి. 2015లో అలబామాలోని మాడిసన్‌లో, మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ళ పెద్దాయన పొద్దున్నే కొడుకు ఇంటి దగ్గర నడుస్తున్నాడు. ఎవరో అనుమానంతో ఫోన్ చేశారు. ఆయనకి ఇంగ్లీషు రాదు, పోలీసు నేలకేసి కొట్టాడు, మెడ దెబ్బతిని ఒళ్ళు పాక్షికంగా చచ్చుబడింది. ఆ పోలీసు మీద ఫెడరల్ కేసు రెండుసార్లు జ్యూరీ తేల్చలేకపోయింది, చివరికి జడ్జి నిర్దోషి అన్నారు. మీ నాన్నగారి జేబులో అడ్రసు, నీ ఫోన్ నంబరు, ఇంగ్లీషు రాదు అన్న ముక్క రాసిన కార్డు పెట్టు. పిలిస్తే ఆగి, చేతులు బయట పెట్టి నిలబడమను. మా మామగారు ఆ కార్డు పెట్టుకోవడానికి చిన్నతనంగా ఉందని మొదటి వారం అలిగారు, తర్వాత వాకింగ్‌లో తోటివాళ్ళందరికీ తనే రాసిచ్చారు.

వీసా రూల్స్ నీ యూనివర్సిటీ ఆఫీసులోనో లాయరునో అడుగు. తాగి నడిపి అరెస్టయితే కోర్టు తేల్చకముందే వీసా రద్దు చేసే అవకాశం ఉందని మాత్రం గుర్తుంచుకో.

ఇంతా రాశావు గానీ, టికెట్ మీద కోర్టు తేదీ ఎప్పుడో రాయలేదు. ఈ రాత్రే తీసి చూడు. ఊరికే డబ్బు కట్టేస్తే తప్పు ఒప్పుకున్నట్టే, ఇన్సూరెన్స్ వాడికి తెలుస్తుంది. తేదీ దాటకముందే కోర్టు క్లర్కుకి ఫోన్ చేసి డిఫెన్సివ్ డ్రైవింగ్ క్లాసుకి (జాగ్రత్తగా నడపడం నేర్పేది, పూర్తి చేస్తే టికెట్ కొట్టేస్తారు) నీకు అర్హత ఉందో లేదో కనుక్కో. అడ్రసు మారిందా, అదీ చెప్పు.