బాండ్ హియరింగ్ లేదన్నారా? హేబియస్ వేయించండి

న్యూజెర్సీలో డిటెన్షన్‌లో ఉన్న మీ తమ్ముడికి బాండ్ (పూచీకత్తు మీద విడుదల) ఇచ్చే అధికారం తనకు లేదని ఇమిగ్రేషన్ జడ్జి చెప్పారని రాశారు కదండీ. అతను అనుమతి లేకుండా సరిహద్దు దాటి వచ్చాడు కాబట్టి, అలాంటివాళ్లకు ఇమిగ్రేషన్ జడ్జీలు బాండ్ ఇవ్వలేరన్న ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు తీర్పును, అంటే 2025 సెప్టెంబర్ నాటి యాజూరె హుర్టాడో తీర్పును, చూపించి ఉంటారు. వీసా మీద వచ్చి గడువు దాటినవాళ్లకు అది వర్తించదు.

టెన్షన్ పడకుండా లాయర్‌తో ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో హేబియస్ పిటిషన్ (ఈ నిర్బంధం చట్టబద్ధమేనా అని ప్రశ్నించే అర్జీ) వేయించండి. కోర్టు ఫీజు 5 డాలర్లే. ఇలాంటి కేసుల్లో బాండ్ హియరింగ్ జరపాలని చాలామంది జడ్జీలు ఆదేశించారు. ఆలస్యం మాత్రం చేయకండి. మనిషి ఎక్కడుంటే అక్కడి కోర్టులోనే వేయాలి. టెక్సాస్‌కో లూసియానాకో తరలిస్తే చాలా కష్టం, అక్కడి ఐదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది. ముందే న్యూజెర్సీలో వేస్తే, తర్వాత తరలించినా ఇక్కడి కోర్టు అధికారం పోదు. తరలించకుండా ఆర్డర్ కూడా అడగమనండి. అతను ఇప్పుడు ఎక్కడున్నాడో, ఏ-నంబర్ (ఇమిగ్రేషన్ వాళ్లిచ్చే గుర్తింపు నంబర్), పుట్టిన దేశం కొట్టి ఐస్ (ICE, డిటెన్షన్ చూసే ఇమిగ్రేషన్ సంస్థ) ఆన్‌లైన్ లొకేటర్‌లో ఈ రాత్రే చూడండి.