అమ్మలూ, ఓడ కదిలే ముందు

అమ్మలూ,

నువ్వు ఉద్యోగానికి ఆరు నెలలు సెలవు పెట్టి నవల మొదలుపెట్టావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నువ్వు పంపిన పదహారు పేజీలూ రెండుసార్లు చదివాను. భూమి పోయింది, మిగిలిన మనుషులంతా ఒక్క ఓడలో తరతరాలుగా ఇంకో నక్షత్రం వైపు పోతున్నారు, ఆ ఓడలోకి కాలంలో ప్రయాణించేవాళ్ళు వచ్చారు. చదువుతుంటే గుండె ఉప్పొంగింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఎందుకు పట్టలేదో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు చిన్నవి చెప్పేస్తాను. రోజూ ఒకే వేళకు కూర్చో. మొదటి ప్రతి ముగిసేదాకా వెనక్కెళ్ళి దిద్దకు. రాసింది రెండు చోట్ల దాచుకో.

లెక్కలు ఎప్పుడూ ఎదురుగా ఉండాలి. సూర్యుణ్ణి వదిలేస్తే మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ, 4.24 కాంతి సంవత్సరాలు. సెకనుకు 17 కిలోమీటర్ల చొప్పున పోతున్న వాయేజర్-1 అనే అంతరిక్ష నౌకకి అంత దూరం వెళ్ళాలంటే 70 వేల ఏళ్ళు దాటుతుంది. నీ ఓడ కాంతి వేగంలో నూరో వంతు అన్నావు, అంటే 424 ఏళ్ళు. తరానికి పాతికేళ్ళు వేసుకో, పదిహేడు తరాలు. అంతవరకూ బాగుంది. కానీ రెండో పేజీలో "ఆ వేగానికి ఓడలో కాలం నెమ్మదించి, వెనక భూమ్మీద వెయ్యేళ్ళు గడిచిపోయాయి" అని రాశావు. ఆ వాక్యం కొట్టెయ్యి. ఆ వేగంలో 424 ఏళ్ళకీ కలిపి ఓడ గడియారం వెనకబడేది నిండా ఎనిమిది రోజులు ఉండదు. కాలం అంతగా సాగాలంటే దాదాపు కాంతితో సమానంగా పరుగెత్తాలి. అలా పరుగెత్తితే ఎక్కినవాళ్ళే ప్రాక్సిమా దగ్గర దిగిపోతారు, ఇక తరాలెందుకు? నిదానంగా పోతుంది కాబట్టే ఆ ఓడలో తాతలూ మనవళ్ళూ ఉన్నారు.

నీ ఓడ ఎక్కించిన నలభైమంది చాలరు. 2002లో ఒక మానవ శాస్త్రవేత్త ఇలాంటి ప్రయాణానికి 160 మంది దాకా ఉంటే నెగ్గుకొస్తారన్నాడు. 2014లో ఇంకొకాయన జబ్బులూ ప్రమాదాలూ లెక్కలో వేసి 14 వేల నుంచి 44 వేల మంది కావాలన్నాడు. ఏ లెక్కన చూసినా నలభై మందితో అయ్యే పని కాదు. ఓడను తిప్పి బరువు పుట్టించడం మంచి ఆలోచనే. 224 మీటర్ల వ్యాసార్ధం, నిమిషానికి రెండు చుట్లు అని రాసుకో, సరిగ్గా భూమి మీద ఉన్నట్టే ఉంటుంది.

గాలి గురించి మాత్రం నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు. తిట్టాలనిపించింది. 1991లో అమెరికాలోని ఆరిజోనాలో ఎనిమిది మంది బయోస్ఫియర్-2 అనే గాజు కట్టడంలోకి వెళ్ళి తలుపులు మూసుకున్నారు. లోపల అడవి ఉంది, పొలం ఉంది, చిన్న సముద్రం కూడా ఉంది. రెండేళ్ళు ఉండాలని వెళ్ళారు. ఏడాదిన్నర తిరక్కుండానే గాల్లో ఆక్సిజన్ 21 శాతం నుంచి 14 శాతం దరిదాపులకు పడిపోయింది. మట్టిలో సూక్ష్మజీవులు దాన్ని వాడేసుకుని కార్బన్ డయాక్సైడ్ వదిలాయి. మొక్కలు తీసుకుని తిరిగి ఆక్సిజన్ ఇవ్వాల్సిన ఆ కార్బన్ డయాక్సైడ్‌ని గోడల కాంక్రీటు పీల్చేసుకుంది. నిద్రలో ఊపిరాడక లేచేవాళ్ళట. చివరికి బయటి నుంచి ఆక్సిజన్ ఎక్కించాల్సి వచ్చింది. నీ ఓడకు బయట అంటూ ఏముంది? అందుకే చెబుతున్నాను, ఆ ఓడలో గాలిని కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకరు కావాలి. మా అమ్మ ఆఖరి మూడు నెలలూ సిలిండరు మీదే బతికింది. ఆ మీటరు ముల్లు చూస్తూ కూర్చున్న రాత్రుళ్ళు నాకు తెలుసు.

అమ్మ దగ్గరికి వచ్చాను కాబట్టి నేను చేసిన తప్పు కూడా చెప్పేస్తాను. నేనూ ఇలాంటి ఓడ కథే రాశాను. నువ్వు పుట్టకముందు, ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అమ్మ పోయిన రాత్రి నేను ఆమె దగ్గర లేను. ఆఫీసు పని మీద వెళ్ళి, ఒక్కరోజు ఆలస్యంగా బయల్దేరాను. ఆ తర్వాత ఏడాదికి సీరియల్ మొదలుపెట్టాను. అయిదో తరంలో, ఓడలోనే పుట్టిన కుర్రాడికి కాలయంత్రం దొరుకుతుంది. వాడు భూమికి తిరిగొచ్చి, ఊపిరందని ఒక ముసలమ్మను కాపాడి, ఆ వెనకే భూమినీ కాపాడేస్తాడు. ఆ అధ్యాయం ఒక్క రాత్రిలో రాశాను. ఏడుస్తూ రాశాను. అంత బాగా ఎప్పుడూ రాయలేదనుకున్నాను.

రెండు వారాలకు ఒక పాఠకురాలి కార్డు వచ్చింది. "భూమి బతికితే ఓడ బయల్దేరదు కదా. మరి నీటితొట్లలో నాచు పెంచే ఆ పిల్ల ఏమైంది? పందొమ్మిది వారాలుగా ఆ పిల్ల కోసమే చదువుతున్నాను." అంతే ఉంది అందులో.

ఆ పిల్ల ఏమైందో నేను ఆలోచించనేలేదు. అయిదు తరాల మనుషుల్ని, వాళ్ళ పెళ్ళిళ్ళనీ పురుళ్ళనీ పోట్లాటల్నీ, ఒక్కర్ని బతికించుకోవడానికి మొత్తంగా తుడిచేశాను. వాళ్ళు పోయారన్న వాక్యం కూడా రాయలేదు. కథలో అంతమంది చచ్చిపోతే రాసినవాడికి తెలియనే లేదు. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. పత్రికవాళ్ళు పుస్తకంగా వేస్తామంటే వద్దన్నాను.

దారి తెలియక చేసిన తప్పు కూడా కాదు. 1988లోనే కిప్ థోర్న్, మోరిస్, యుర్ట్‌సెవర్ అనే ముగ్గురు భౌతిక శాస్త్రవేత్తలు వార్మ్‌హోల్‌ని, అంటే అంతరిక్షంలో రెండు చోట్లను కలిపే ఊహా సొరంగాన్ని, కాలయంత్రంగా ఎలా మార్చవచ్చో రాశారు. ఒక కొసను కాంతికి దగ్గరి వేగంతో తిప్పి తెస్తే రెండు కొసల గడియారాలకూ తేడా వస్తుంది. అలాంటి యంత్రంతో అది తయారైన రోజు కంటే వెనక్కి మాత్రం ఎవరూ పోలేరు. స్టీఫెన్ హాకింగ్ 2009 జూన్ 28న కాలప్రయాణికులకు విందు ఏర్పాటు చేసి, అది అయిపోయాకే ఆహ్వానాలు బయటపెట్టాడు. ఒక్కరూ రాలేదు. యంత్రం ఇంకా పుట్టనేలేదు కాబట్టి రాలేదేమో. నేను సీరియల్ రాసేనాటికే ఈ నియమం నాకు తెలుసు. తెలిసీ పక్కన పెట్టాను.

నువ్వు పక్కన పెట్టకు. యంత్రం ఓడలోనే, మూడో తరంలో తయారైందనుకో. అంతకు ముందుకు తలుపు లేదు. భూమి అందదు. కానీ ఆ తర్వాత పుట్టబోయేవాళ్ళు, పదిహేడో తరం పిల్లలు, రావచ్చు. నీ ఓడకు వచ్చే కాలప్రయాణికులు ఆ ఓడ మనవళ్ళే అవుతారు. వచ్చి ఏం అడుగుతారు? ఏం చెప్పకుండా దాచుకుంటారు? నాకైతే ఆ నవల చదవాలని ఉంది.

నీ పదకొండో పేజీలో, పాప భూమికి తిరిగెళ్ళి వెతుక్కునే మెకానిక్ ఒకడున్నాడు. మాట్లాడే ముందు గొంతు సవరించుకుంటాడు, కళ్ళజోడు దారంతో కట్టుకుంటాడు. అతనెవరో నాకు తెలియదనుకున్నావా తల్లీ? వాడు పోయి ఇంకా పది నెలలు కాలేదు. నేను ఇప్పటికీ ఆదివారం పొద్దున ఫోన్ చేతిలోకి తీసుకుని, నంబరు నొక్కబోయి ఆగుతాను. ఆ పాప అతని దగ్గరికి చేరే ఘట్టం రాసుకో, నేను వద్దనను. విడిగా రాసుకో. నవలలోకి రాకపోయినా ఫర్వాలేదు, నాకు పంపు. ఓడలో కూడా అతనికి చోటివ్వు. పైన చెప్పానే, గాలిని కనిపెట్టుకుని ఉండే మనిషి, ఆ పని అతనికిచ్చి చూడు. వాడికి ఓపిక ఎక్కువ.

ఒక్క సవరణ. కళ్ళజోడుకి ఎడమవైపు దారం కట్టుకున్నాడని రాశావు. విరిగింది కుడివైపు. మంచం మీద పెట్టి ఉంటే చూసుకోకుండా కూర్చున్నది నేనే. వాడికి ఎప్పుడూ చెప్పలేదు. అది మార్చు.

మీ పెదనాన్న